మంచం దిగని పెద్దమనిషి

పత్రిక ఆఫీసు, మెట్లకింద బల్ల
జూన్

మహారాజశ్రీ, సకల కుట్టుమిషను కళావిశారద, నవలా రచయిత్రి, మా మేనత్తగారి దివ్యసముఖమునకు,

ఈ వారపత్రికలో ఉపసంపాదకుడనని బంధువులకు చెప్పుకొనువాడును, వాస్తవమున రాశిఫలాలు అల్లి, పాఠకుల ఉత్తరాలకు కత్తెర వేసి, సంపాదకులవారి టీ చల్లారకుండా కాపాడువాడును అగు మీ అల్లుడు వినయపూర్వకముగా విన్నవించునది ఏమనగా: నీ నవల తీసుకున్నారు.

నిలబడి చదువుతుంటే కూర్చో అత్తా. కూర్చుని చదువుతుంటే లేచి ఓ చుట్టు తిరిగి రా.

మా పెద్దాయన, అంటే సంపాదకుడు, మొదటి అధ్యాయం నిలబడే మొదలుపెట్టాడు. రెండోదానికి కుర్చీ లాక్కున్నాడు. మూడోదానికి చెప్పులు విడిచాడు. ఆయన చెప్పులు విడవడం మా ఆఫీసులో చారిత్రక ఘట్టం. ఎవరయ్యా ఈవిడ అని అడిగాడు. మా అత్త అంటే సిఫార్సు అనుకుంటాడని, తెలిసినవాళ్లకి తెలిసినవాళ్లు అని తప్పించుకున్నాను. ఇప్పటిదాకా నీకు నేను చేసిన సేవల్లో ఇదే పెద్దది. గుర్తుపెట్టుకో.

అందరికీ నచ్చినవాడు మాత్రం ఆ పెద్దమనిషే. తాళాల కంపెనీ మూతపడగానే మంచమెక్కి, గోడవైపు తిరిగి, కళ్లమీద తువ్వాలు కప్పుకుని, ఇంటి బరువంతా భార్య నెత్తిన పెట్టిన ఆ మహానుభావుణ్ణి ఎక్కడ పట్టావత్తా? మన చుట్టాల్లో అంత సోమరి ఒక్కడూ లేడే. మావయ్యనే చూడు. ఇస్త్రీ చొక్కా, జేబులో నీలం పెన్సిలు, ఫ్యాన్ల ఫ్యాక్టరీ సైరను మోగకముందే గేటు దగ్గర హాజరు. ఆ పెద్దమనిషిని తీసుకొచ్చి మావయ్య పక్కన నిలబెడితే సిగ్గుతో మళ్లీ పడుకుంటాడు.

వారం వారం అచ్చవుతుంది. వారం వారం ఇంత అని ఇస్తారు. ఎంతో ఇక్కడ రాయడానికి నాకే మొహం చెల్లక కవరులో విడిగా చీటీ పెట్టాను. కథ ఎన్నాళ్లు నడిస్తే అన్నాళ్లు వస్తుంది కాబట్టి, అత్తా, నిదానమే ప్రధానం.

ఏ పేరు వెయ్యమంటావో చెప్పు. ఈ ఉత్తరాల గోల ఎందుకు, మావయ్య ఫ్యాక్టరీకి వెళ్లాక ఫోను చెయ్యనా?

ఇట్లు, నీ కీర్తికి మొదటి బాకావాడు

*

మేడమీది వాటా, మిషను పక్కన
జూన్

ఒరేయ్ అల్లుడూ,

కూర్చునే చదివాను. చదివాక లేవలేకపోయాను.

యూనిఫాం చొక్కాల కట్ట ఒకటి ఒళ్లో ఉంది. సాయంత్రానికి ఇవ్వాలి. బొత్తాలు కుట్టడం మొదలుపెడితే ఒక చొక్కాకి అన్నీ ఎడంవైపే కుట్టేశాను. యాభై ఏడేళ్ల మనిషిని, చత్వారం అద్దాలు పెట్టుకుని ప్రేమలేఖ రాసి పట్టుబడ్డట్టుంది నాకు. కింద వాటా ఆవిడ ఏంటండీ నవ్వుకుంటున్నారు అని అడిగితే, పంటి నొప్పి అన్నాను. నవ్వుకీ నొప్పికీ ఏం పోలికో ఆవిడ అడగలేదు, బతికిపోయాను.

శ్రీమతి అని వెయ్యి. అంతకుమించి వద్దు. ఈ వయసులో దీనికి ఇదేం పోయేకాలం అని నలుగురూ అనుకోవడం నేను పడలేను.

ఫోను చెయ్యకు. మా గోడలు పలచన, ఇక్కడ దగ్గితే పక్కింట్లో మంచినీళ్లిస్తారు. మీ మావయ్యకి కూడా ఇప్పుడే చెప్పకు. ఆయనకి పని ఒత్తిడి ఎక్కువగా ఉంది. తీరిక చూసి నేనే చెబుతాను.

ఇంకో మాట. ఆ పెద్దమనిషి సోమరి కాదురా. నేను అలా రాయలేదు. ఎక్కడైనా అలా అనిపించి ఉంటే నాకు రాయడం చేతకాలేదన్నమాట. మళ్లీ చదువు.

ఇది అడగడానికి సిగ్గుగా ఉంది. మొదటి రెండు వారాలవి ముందుగా పంపిస్తారేమో కనుక్కుంటావా? మిషను మోటారు కాలిపోయింది. కాలితోనే తొక్కుతున్నాను. వీలుకాకపోతే అడిగినట్టే మర్చిపో.

మీ అత్త

*

పత్రిక ఆఫీసు, అదే మెట్లకింద, బల్ల మాత్రం కొత్తది
సెప్టెంబర్

శ్రీశ్రీశ్రీ శ్రీమతి గారి పాదపద్మములకు, (మూడు శ్రీలూ నీ పాఠకాదరణకి, నాలుగోది నీ పేరుది)

బల్ల ఎందుకు మారిందంటే, నీ అల్లుడికి గౌరవం పెరిగింది. ఎందుకు పెరిగిందంటే, ఒక పెట్టె వల్ల.

మా పత్రికలో ప్రతి సీరియలు కిందా చిన్న పెట్టె గీసి, వచ్చే వారం ఏమవుతుందో అని ఊరించే మాట ఒకటి వేస్తాం. అది రాసేది నేను. నీ సీరియలుతో చిక్కేమిటంటే, వచ్చే వారం కూడా ఆయన పడుకునే ఉంటాడు. ఏమని ఊరించను? కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోవాల్సింది. నేనేమో కత్తిపీటని. ఒక వారం ఇలా వేశాను: "వచ్చే వారం పెద్దమనిషి పక్కకు తిరుగుతాడా? లేక ఆ శ్రమ కూడా భార్యకే వదిలేస్తాడా?"

అత్తా, ఉత్తరాల వాన. పై వారం: "దుప్పటి ఉతుక్కోవడానికి ఆయన అనుమతి దొరుకుతుందా?" ఆ పై వారం: "ఆయనకంటే ముందు మంచమే లేచి వెళ్లిపోతుందా?" ఇప్పుడు జనం పత్రిక తిరగేసి ముందు పెట్టె చదువుతున్నారట. మా పెద్దాయన నా భుజం తట్టాడు. తట్టిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకే తెలియలేదు, అలవాటు లేదు కదా.

కాబట్టి ఒక పోటీ పెట్టాం. పెద్దమనిషిని లేపడం ఎలా? ఉత్తమ సలహాకి అలారం గడియారం బహుమతి. నీళ్లు కుమ్మరించమని ఒకరు, మంచం కోళ్లు కోసెయ్యమని ఇంకొకరు, పక్కింటావిణ్ణి ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టమని ఒక అనుభవజ్ఞుడు.

నువ్వు చెయ్యాల్సిందల్లా ఆయన్ని ఇంకో రెండు నెలలు పడుకోబెట్టడమే. దయచేసి లేపకు. ఆయన పడుకున్నంతకాలం మనిద్దరం నిలబడతాం. ముఖ్యంగా నువ్వు మొన్న పంపిన అధ్యాయం, ఆయన మెడ గోడవైపు ఎలా వంగి ఉందో చెప్పే అధ్యాయం ఉందే, నేను ఇప్పటిదాకా సరదాకి చదువుతున్నవాణ్ణి అక్కడ మాత్రం ఆగిపోయాను. చాలా బాగా రాశావు. పెట్టెలో జోకు వెయ్యడానికి ఒక పూట పట్టింది.

నీ సేవలో, పెట్టె మహాకవి

*

మేడమీది వాటా
అక్టోబర్

అల్లుడూ,

పత్రికలు అందాయి. డబ్బూ అందింది. మోటారు వేయించాను.

పెట్టెలో మాటలు కొంచెం తగ్గిస్తావా? జనం నవ్వుతున్నారంటే మంచిదే. నేను కాదనను. నేను కాదనే స్థితిలో లేను. అయినా ఆ మంచం లేచి వెళ్లిపోయే మాట చదివినరోజు నాకు అన్నం సహించలేదు.

ఆయన లేచే అధ్యాయం ఎప్పుడో రాసి పెట్టాను. పంపలేదు. పంపితే కథ అయిపోతుంది. అద్దె కట్టే తారీఖు వస్తోంది కదా అని ఆయన్ని ఇంకో వారం పడుకోబెడుతున్నాను, మళ్లీ ఇంకో వారం. వంట చేస్తూ చేస్తూ పొయ్యి తగ్గించి పెట్టినట్టు. ఇలా రాస్తారా ఎవరైనా నవల? నీకు చదువుంది, నువ్వు చెప్పు.

ఇంకేం విశేషాలు లేవు. మీ మావయ్య బాగున్నారు.

మీ అత్త

*

ఒక వీధి, సెలూన్ బెంచీ
నవంబర్

సంపాదకులు గారికి,

పెద్దమనిషిని లేపే పోటీకి నా ఎంట్రీ ఇది. బహుమతి అలారం గడియారం అన్నారు. అది నాకు అవసరం లేదు.

మా వీధి సెలూన్‌కి మీ పత్రిక గురువారం వస్తుంది. సెలూన్ ఆయనకి చేతులు ఖాళీ ఉండవు. గడ్డానికి నురగ పట్టించుకున్నవాళ్లు తల వంచలేరు. అందుకని సీరియలు గట్టిగా చదివి వినిపించే పని నాకు వచ్చింది. కింద పెట్టెలో మీరు వేసే మాట కూడా నేనే చదువుతాను. అక్కడ అందరూ నవ్వుతారు. నవ్వు అయ్యేదాకా ఆగి, నేనూ నవ్వి, పేజీ మడుస్తాను. మంచమే లేచి వెళ్లిపోతుందా అన్న వారం ఒకాయనకి గడ్డం తెగింది. అంత నవ్వారు.

నీళ్లు పొయ్యమనీ, దుప్పటి లాగమనీ, మంచం కోళ్లు కొయ్యమనీ చాలామంది రాశారు. ఇవన్నీ పనిచేస్తాయి. లేస్తాడు. లేవడం పెద్ద కష్టం కాదు. లేచి, మొహం కడుక్కుని, చొక్కా వేసుకుని, గుమ్మం దాకా వచ్చాక ఎటువైపు తిరగాలి? ఇన్నేళ్లూ కాళ్లు వాటంతటవే తిరిగేవి. ఆ సంగతి మీ పాఠకులు ఎవరూ రాయలేదు. ఎవరికైనా తెలిసి రాస్తే గడియారం వాళ్లకివ్వండి.

ఆ నవల రాసే ఆవిడ బాగా రాస్తారు. కళ్లమీద తువ్వాలు వేసుకునేది నిద్ర కోసం కాదని కనిపెట్టారు. ఇంట్లో ఎవరికీ తెలియదనుకున్నాను. అని ఆ పెద్దమనిషి అనుకుని ఉంటాడు.

ఇట్లు, ఒక పాఠకుడు

*

పత్రిక ఆఫీసు
నవంబర్

అత్తా,

ఇందులో ఒక ఎంట్రీ పెట్టాను. ముందు అది చదివి, తర్వాత ఇది చదువు.

చదివావా?

పోటీకి వచ్చిన ఉత్తరాలు మధ్యాహ్నం పూట నేను గట్టిగా చదువుతాను, ఆఫీసంతా చేరి నవ్వుతారు. ఒక్కో ఉత్తరానికి ఒక్కో గొంతు పెడతాను. ఇది చేతిలోకి తీసుకోగానే, బెంచీ మీద కూర్చున్న ముసలాయన అనుకుని, కాస్త వణుకు, కాస్త ముక్కుతో, ఆ గొంతు పెట్టి మొదలుపెట్టాను. మొదటి పేరాకే ప్రూఫ్ రీడరు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటున్నాడు. నేను ఇంకొంచెం వణుకు పెంచాను.

నీలం పెన్సిలు. ఫ్యాన్ల పెట్టెల మీద రాసినట్టు ప్రతి అక్షరం విడివిడిగా, తలకట్టు నున్నగా. నేను పలకమీద దిద్దుకున్నవి ఈ అక్షరాలే. మావయ్య వేలు పట్టుకుని దిద్దించారు. గొంతు వణికించుకుంటూనే ఉన్నాను, కళ్లు మాత్రం చదవడం మానేసి అక్షరాలని చూస్తున్నాయి. తర్వాత గొంతూ ఆగింది. మిగతాది చదవవేమయ్యా అని అడిగారు. దగ్గొచ్చిందన్నాను.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఇలాంటివాణ్ణి ఎక్కడ పట్టావత్తా అని అడిగింది నేనే కదా. మన చుట్టాల్లో అంత సోమరి లేడని రాసిందీ నేనే. నువ్వు ఆ ఉత్తరం ఆయన పక్కనే కూర్చుని చదివి ఉంటావు.

ఫ్యాక్టరీ ఉందా అత్తా? మావయ్య పగలు ఎక్కడ ఉంటున్నారు? ఈసారి గోడలు పలచన అని రాయకు.

నీ అల్లుడు

*

మేడమీది వాటా
నవంబర్

నాన్నా,

ఫ్యాక్టరీ లేదు. కిందటేడే మూసేశారు. గేటుకి కాగితం అంటించారట. ఆయన ఇంటికి వచ్చి, చొక్కా విప్పి తగిలించి, రెండ్రోజులు పడుకుంటానే అన్నారు. అంతే. ఎవరికీ చెప్పకు అన్నారు. నేను చెప్పలేదు. నీకు ఉత్తరాల్లో ఆయన గురించి రాసినవన్నీ అబద్ధాలే. అబద్ధం కాని ముక్క ఒక్కటే, ఆయన సోమరి కాదన్నది.

గదిలో ఇద్దరం ఉండి మాట్లాడుకోకపోతే ఎలా ఉంటుందో నీకు తెలియదు. మిషను ఆపితే ఫ్యాను చప్పుడు ఒక్కటే. ఆయన చేసిన ఫ్యానే అది. మాట్లాడే దిక్కు లేక రాయడం మొదలుపెట్టాను. నీకు పంపాలని కాదు. పంపాక డబ్బు వచ్చింది. వచ్చాక అలవాటైంది.

గురువారాలు మాత్రం ఆయన లేచి, తల దువ్వుకుని, బయటికి వెళ్లి వచ్చేవారు. పని వెతుక్కుంటున్నారు అనుకున్నాను. అడిగితే ఆగిపోతారేమోనని అడగలేదు. ఆ రోజు మాత్రం నాకు ఒంట్లో హుషారుగా ఉండేది, కాస్త కూనిరాగం కూడా తీసేదాన్ని. ఆయన సెలూన్‌లో కూర్చుని నేను రాసింది పదిమందికీ చదువుతున్నారు. నువ్వు రాసింది కూడా. చదివి నవ్వి ఇంటికి వచ్చి, నన్ను ఒక్క మాట అనకుండా, నేను పెట్టింది తిని పడుకున్నారు.

నువ్వు నీ పెట్టె గురించి ఏడుస్తూ కూర్చోకు. నీకు తెలియక చేశావు. నేను చేసింది విను.

ఇంకో రెండు నెలలు పడుకోబెట్టమని రాశావే, దానికి కొంచెం ముందు సంగతి. గురువారం కాకపోయినా ఒక పొద్దున ఆయన లేచి కూర్చున్నారు. కాళ్లు కింద పెట్టారు. చెప్పుల కోసం కాలితో వెతికారు. నేను మిషను మీద కాగితం పెట్టుకుని రాసుకుంటున్నాను. ఆయన మెడ గోడవైపు ఎలా వంగి ఉందో రాస్తున్నాను. సగం వాక్యంలో ఉన్నాను. ఆయన కదలగానే నాకు ఏమనిపించిందో తెలుసా? అబ్బా, ఇప్పుడే ఎందుకు అనిపించింది. ఆ మెడ నాకు ఇంకాసేపు కావాలి. ఏడాదిగా లేస్తే బాగుండునని చూసిన మనిషిని, లేచినందుకు విసుక్కుంటూ చూశాను.

ఆయన ఆ చూపు చూశారు. "పనిలో ఉన్నావా?" అని అడిగారు. ఊఁ అన్నాను. మళ్లీ పడుకుని గోడవైపు తిరిగారు. సరిగ్గా ముందున్నట్టే.

నేను వాక్యం పూర్తిచేశాను. ఆ అధ్యాయమే నీకు చాలా బాగుందన్నది.

ఈ సంగతి కూడా నవల్లో రాశాను. రాసి, అడ్డంగా కొట్టేశాను. నవల్లో భార్య మంచిది కదా మరి.

సీరియలు ఆపెయ్యి. నేనింక రాయను. చొక్కాలు కుట్టుకుంటాను, అందులో ఎవరి మెడా అక్కర్లేదు.

అత్త

*

పత్రిక ఆఫీసు
డిసెంబర్

మావయ్య గారికి,

ఈ ఉత్తరం ఇప్పటికి చాలాసార్లు మొదలుపెట్టాను. ప్రతిసారీ మొదటి వాక్యంలోనే ఒక హాస్యం వచ్చి కూర్చుంటోంది. చించేస్తున్నాను. నాకు వేరేలా మాట్లాడడం ఎప్పుడు పోయిందో తెలియదు.

పెట్టెలో ఆ మాటలన్నీ రాసింది సంపాదకుడు కాదు. నేను. మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. తెలిసీ గురువారం గురువారం చదివారేమో అన్న ఆలోచన వస్తే చేతిలో పని చేతిలోనే ఆగిపోతోంది. చిన్నప్పుడు నాకు పాఠాలు చదివి వినిపించిన గొంతు అది. దాంతో నేను ఏం చదివించానో చూడండి.

పోటీ ఎత్తేశాం. నేనే మా పెద్దాయన దగ్గరికి వెళ్లి ఇక పెట్టె రాయనన్నాను. కారణం అడిగితే ఆ పెద్దమనిషి మా మావయ్య అని చెప్పాను. ఆయన, నాకూ జాలిగానే ఉందయ్యా, కానీ జనం పత్రిక కొనేది పెట్టె కోసం అన్నాడు. పెట్టె లేకపోతే సీరియలుకి అరపేజీ చాలట, రాశిఫలాల పక్కన. ఇచ్చేదీ సగమే. నన్ను మళ్లీ పాత బల్ల దగ్గరికి పంపాడు. అది నాకు సరిపోయింది.

ఈ వారం, వచ్చే వారం అచ్చుకి అత్త ముందే పంపిన అధ్యాయాలు ఉన్నాయి. తర్వాత ఏమీ లేదు. ఇక రాయనని ఆమె రాసింది. రాయమని అడగడానికి నాకు హక్కు లేదు. ఆపెయ్యమని చెప్పడానికి నోరు రావడం లేదు, ఎందుకంటే ఆమె రాసింది నిజంగా బాగుంది. నేను నవ్వుల పాలు చేసినా బాగుంది.

నవల ఆగాలో సాగాలో మీరే చెప్పండి. అందులో ఉన్నది మీ రోజులు. ఆపమంటే ఆపిస్తాను, మా పెద్దాయన ఏమన్నా సరే. క్షమించమని రాస్తే నా బరువు కాస్త దిగుతుంది తప్ప మీకు ఒరిగేదేమీ లేదు. అందుకని రాయడం లేదు.

మీ అల్లుడు

*

మేడమీది వాటా
జనవరి

అల్లుడూ,

మీ అత్త పెన్ను ఇవ్వదు, వేరే చెయ్యి పడితే అది అలవాటు తప్పుతుందట. అందుకని పెన్సిలుతోనే రాస్తున్నాను. నాకు ఉత్తరాలు రాయడం తెలియదు. వరసగా జరిగింది రాస్తాను.

నీ ఉత్తరం వచ్చేసరికి మీ అత్త కాగితాలన్నీ గుడ్డముక్కల కింద తోసేసి చొక్కాలు కుడుతోంది. తలెత్తదు, మాట్లాడదు. ఆ పని ఇన్నాళ్లూ నాది కదా, ఆమె చేస్తుంటే నాకు చూడబుద్ధి కాలేదు. నీ ఉత్తరం ఆమెకి చూపించాను. చదివి, లేచి, కాగితాలన్నీ తెచ్చి మంచం మీద పెట్టింది. చదవండి, చదివాక ఏమనాలనుకుంటే అది అనండి అంది.

అచ్చయినవి నాకు తెలిసినవే. అచ్చుకానివి చదివాను. పెద్దమనిషి లేచే అధ్యాయం కూడా చదివాను. ఒక పొద్దున లేస్తాడు, ఎండ బాగుంటుంది, ఎవరో పిలిచి ఉద్యోగం ఇస్తారు. ఇది అబద్ధం అన్నాను. ఆమెకి కోపం వచ్చింది. "రాసేది నేను" అంది. "పడుకున్నది నేను" అన్నాను. అలా పెరిగింది. ఏడాది మాటలన్నీ ఒక్క పూటలో అయ్యాయి. కింద వాటావాళ్లు చీపురుకర్రతో పైకప్పు తట్టారు.

నన్ను నవ్వులపాలు చేశానని నువ్వు రాశావు. నవ్వు సంగతి కాదు. నవ్వేవాళ్లకి నేనని తెలియదు, వాళ్ల తప్పు లేదు. అందరితో కలిసి నేను కూడా నవ్వాను చూడు, అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మొన్న గురువారం సెలూన్‌కి వెళ్లాను. చదివాను. అరపేజీయే ఉంది, పెట్టె లేదు. వెనక్కీ ముందుకీ తిప్పి చూశారు. పెట్టె లేకుండా ఏం పత్రిక అన్నారు. గడ్డం గీయించుకుంటున్న ఆయన, ఎవరో గానీ ఈ శ్రీమతి, అలాంటివాణ్ణి ఇంట్లో పెట్టుకుని చూసినట్టే రాస్తుంది అన్నాడు.

"మా ఆవిడ" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. అనేదాకా అంటానని తెలియదు. సెలూన్ ఆయన కత్తి ఆగింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. అందరికంటే ఎక్కువ నవ్వేవాడొకడు చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. సెలూన్ ఆయన, ఇంకా కొంచెం ఉన్నట్టుంది, చదవండి అన్నాడు. మిగిలింది చదివాను. వచ్చే గురువారం వెళ్తానో లేదో ఇప్పుడే చెప్పలేను.

ఇంటికొచ్చి మీ అత్తకి చెప్పాను. రెండు చేతులతో మొహం కప్పుకుంది. నలుగురిలో నన్నెందుకు బయటపెట్టారు అంది. నిన్ను కాదు, నన్ను బయటపెట్టుకున్నాను అన్నాను.

ఇక నవల సంగతి. ఆగకూడదు. సగం ఇస్తే సగమే తీసుకుంటాం. రాశిఫలాల పక్కనైనా ఫర్వాలేదు, నాకు ఎలాగూ అవి మంచివి రావు.

లేచే అధ్యాయం ఆమె చింపేసింది. దాని బదులు, ఇదివరకు రాసి కొట్టేసిన పేరా ఒకటి ఉంది, నీకు చెప్పిందట. అతను లేచి కూర్చుంటే భార్యకి విసుగొచ్చిన పేరా. గీత గట్టిగా గియ్యలేదు, కింద అక్షరాలు చదవడానికి వస్తున్నాయి. ఆ పొద్దున నాకు గుర్తే. ఆ చూపు చూసి, నేను లేవడం ఈ ఇంట్లో ఎవరికీ అక్కర్లేదు కాబోలు అనుకుని పడుకున్నాను. అది నా మెడ కోసమని ఈ కాగితం చదివితే గానీ తెలియలేదు. చదివాక ఆమెవైపు చూడలేకపోయాను. ఆమె కూడా బొత్తాలు కుట్టుకుంటూ తల ఎత్తలేదు. కాసేపటికి, కోపం రాలేదా అని అడిగింది. వచ్చిందన్నాను. ఇంకా ఉందా అంది. ఉందన్నాను.

ఆ పేరా పక్కన "ఉంచు" అని రాశాను. రబ్బరుతో చెరిపేసింది. మళ్లీ రాశాను. జనం నన్ను ఏమనుకుంటారు అని మళ్లీ చెరిపింది. నన్ను అనుకున్నంత అనుకోరులే అని మళ్లీ రాశాను. ఈసారి ఊరుకుంది.

కాగితం అక్కడ కొంచెం చిరిగింది. జాగ్రత్తగా విప్పు. కొట్టేసినదంతా అచ్చు వెయ్యి.

మావయ్య